ఇంటి కంప్యూటర్‌కి ఏ విజ్ఞాన సర్వస్వం? తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాదులో ఇంట్లో ఒక డెస్క్‌టాపో పాత ల్యాప్‌టాపో ఉండి, పిల్లల చదువుకో, పోటీ పరీక్షలకో, ఊరికే తెలుసుకోవాలన్న కుతూహలంతోనో డిజిటల్ ఎన్‌సైక్లోపీడియా పెట్టుకుందామనుకునేవాళ్లు అడిగే ప్రశ్నలివి. ముందు ఎంపిక గురించి, తర్వాత ఎక్కించుకోవడం గురించి, ఆ తర్వాత ఎక్కడ ఇబ్బంది వస్తుందన్న దాని గురించి చెప్పాం.

గూగుల్ ఉంది, ఏఐ చాట్‌బాట్లు ఉన్నాయి. ఇంకా ఎన్‌సైక్లోపీడియా దేనికి?

అందరికీ అవసరం లేదు. ఇంట్లో పెద్దవాళ్లే ఉండి, నెట్ ఎప్పుడూ ఉంటే, బ్రౌజర్‌లో వికీపీడియాకీ బ్రిటానికాకీ చెరో బుక్‌మార్క్ పెట్టుకుంటే సరిపోతుంది. ఈ పేజీ మిగతాది చదవనక్కర్లేదు.

ఎన్‌సైక్లోపీడియాలో ఒక విషయం మొదటి నుంచి చివరి దాకా ఒకచోట ఉంటుంది. వికీపీడియాలో అయితే ఏ మాట ఎక్కడి నుంచి వచ్చిందో చాలావరకు కింద ఉంటుంది. చాట్‌బాట్‌ని ఒకే ప్రశ్న రెండుసార్లు అడిగితే రెండు రకాలుగా చెప్పొచ్చు, లేని పుస్తకాన్ని ఆధారంగా చూపించనూ వచ్చు. ఎనిమిదో తరగతి పిల్లాడికి అది పట్టుకోవడం కష్టం. ఇంకో కారణం ఇంతకంటే మామూలుది: పిల్లలు వాడే కంప్యూటర్‌కి నెట్ ఇవ్వకుండా చదువుకోవడానికి మాత్రం ఏదో ఒకటి ఉండాలని చాలామంది తల్లిదండ్రులు కోరుకుంటారు. దానికి ఆఫ్‌లైన్ ఎన్‌సైక్లోపీడియాని మించింది లేదు.

ఇప్పుడు నిజంగా దొరికేవి ఏవి?

సీడీలు, డీవీడీల కాలం అయిపోయింది. మైక్రోసాఫ్ట్ 1993లో తెచ్చిన ఎన్‌కార్టా అనే డిస్క్ ఎన్‌సైక్లోపీడియాని 2009లో ఆపేసింది. బ్రిటానికా అచ్చు ప్రతిని ఆపుతున్నట్టు 2012లో ప్రకటించింది, చివరిది 2010 నాటి 32 సంపుటాల సెట్టు. ఇప్పుడది ప్రధానంగా వెబ్‌సైటే. వరల్డ్ బుక్ ఇంకా అచ్చు వేస్తోంది, ఆన్‌లైన్ రూపం కూడా ఉంది కానీ అది ఎక్కువగా స్కూళ్లకీ లైబ్రరీలకీ అమ్మేది. మిగిలింది వికీపీడియా: నెట్‌లో నేరుగా చదవొచ్చు, కివిక్స్ అనే ఉచిత ప్రోగ్రాంతో మొత్తం కంప్యూటర్‌లోకి దించుకోవచ్చు. వీటికి తోడు పాత తెలుగు విజ్ఞాన సర్వస్వాల స్కాన్లున్నాయి. వాటి గురించి కింద విడిగా చెప్పాం, ఎందుకంటే వాటి సంగతి వేరు.

సూటిగా చెప్పండి, మా ఇంటికి ఏది?

ఎక్కువ ఇళ్లకి మా సలహా ఇదే: కివిక్స్, అందులో బొమ్మలతో తెలుగు వికీపీడియా, దానితోపాటు తేలిక ఇంగ్లీషులో రాసే సింపుల్ ఇంగ్లీష్ వికీపీడియా. డ్రైవ్‌లో చోటుంటే పూర్తి ఇంగ్లీషుది కూడా. అనుమానం వచ్చిన విషయాన్ని సరిచూసుకోవడానికి బ్రిటానికా వెబ్‌సైట్‌లో ఉచితంగా కనిపించే వ్యాసాలు. ప్రోగ్రాంకి గానీ వ్యాసాలకి గానీ రూపాయి ఖర్చు లేదు. ఖర్చంతా డ్రైవ్‌కే.

ప్రైమరీ స్కూలు పిల్లలు ఇంగ్లీషులోనే చదువుతుంటే, నెట్ నిలకడగా ఉంటే, బ్రిటానికా కిడ్స్ చందా ఆలోచించదగ్గదే. ఇంటర్ పైన చదివేవాళ్లున్న ఇంట్లో దానికి డబ్బు పెట్టొద్దు.

అబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాల దగ్గర ఎన్‌కార్టా డిస్క్ చవగ్గా కనిపించింది. కొనొచ్చా?

దాచుకోవడానికైతే కొనండి, వాడుకోవడానికి వద్దు. మొదటి ఇబ్బంది డ్రైవ్: కొత్త ల్యాప్‌టాప్‌లకి డిస్క్ డ్రైవే రావట్లేదు, బయట పెట్టే యూఎస్‌బీ డ్రైవ్ కొనాలి. రెండోది విండోస్. 1990ల నాటి డిస్క్‌లలో చాలావాటి ఇన్‌స్టాలర్ 16 బిట్‌ది, 64 బిట్ విండోస్ దాన్ని అసలు నడపదు. విండోస్ 11 అయితే 64 బిట్‌గానే వస్తుంది. అంటే కంపాటిబిలిటీ మోడ్ పెట్టినా లాభం లేదు, వర్చువల్ మెషీన్‌లో (కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌లా నడిచే ప్రోగ్రాంలో) పాత విండోస్ ఎక్కించుకోవాల్సిందే. 2005 తర్వాతి డిస్క్‌లు కొంత నయం, కానీ గీతలు పడ్డ డిస్క్ సగంలో ఆగిపోతుంది.

ఇవన్నీ దాటినా లోపల ఉండేది 2009కి ముందటి ప్రపంచం. తెలంగాణ రాష్ట్రం ఉండదు. 2006కి ముందటి డిస్క్ అయితే ప్లూటో ఇంకా తొమ్మిదో గ్రహమే. పిల్లాడు దాన్ని చూసి ప్రాజెక్టు రాస్తే టీచరు కొట్టేస్తారు. ఆ తప్పు పిల్లాడిది కాదు.

బ్రిటానికాకి డబ్బు కట్టడం దండగా?

దండగ కాదు, అవసరాన్ని బట్టి. సైట్‌లో చాలా వ్యాసాలు ప్రకటనలతో ఉచితంగానే చదవొచ్చు. చందా కడితే ప్రకటనలు పోతాయి, మూసి ఉంచిన భాగాలు తెరుచుకుంటాయి. వ్యాసాన్ని ఎవరు రాశారో, ఎప్పుడు సవరించారో పేర్లతో చూపిస్తారు, అది దాని బలం. బ్రిటానికా కిడ్స్‌లో ఒకే విషయం మూడు స్థాయిల్లో ఉంటుంది: చిన్నపిల్లలకి, విద్యార్థులకి, పెద్దవాళ్లకి. చదవడం నేర్చుకుంటున్న పిల్లలకి ఈ మెట్లు బాగా పనికొస్తాయి.

బలహీనతలు రెండు. తెలుగు లేదు. మన ప్రాంతపు విషయాలు పలచన: గోల్కొండ, నిజాములు, హైదరాబాద్ నగరం దొరుకుతాయి, మీ మండలం దొరకదు. కట్టే ముందు ఉచిత ట్రయల్ ఉందేమో చూసుకోండి, ట్రయల్ అయ్యాక కార్డు నుంచి దానంతటదే డబ్బు కోసుకునే ఆప్షన్ ఆన్‌లో ఉందేమో తప్పక చూసుకోండి. ఒకమాట మీ పిల్లల స్కూలు లైబ్రరీలో కూడా అడగండి. స్కూలుకి చందా ఉంటే ఇంటి నుంచి వాడుకునే లాగిన్ ఇస్తుండొచ్చు.

వికీపీడియాని ఎవరైనా మార్చొచ్చు కదా, నమ్మడమెలా?

2005లో నేచర్ అనే సైన్స్ పత్రిక 42 సైన్స్ విషయాలు తీసుకుని, వాటి మీద వికీపీడియా, బ్రిటానికా వ్యాసాలు రెండింటినీ నిపుణులతో చూపించింది. వికీపీడియాలో వ్యాసానికి సగటున నాలుగు, బ్రిటానికాలో మూడు లోపాలు తేలాయి. ఆ పద్ధతి సరికాదని బ్రిటానికా గట్టిగా వాదించింది, నేచర్ తన మాట మీదే నిలబడింది. ఇరవై ఏళ్ల కిందటి లెక్క కాబట్టి ఇవాళ్టికి అంకెల్ని పట్టుకోనక్కర్లేదు. రెండింటిలోనూ తప్పులుంటాయన్నది మాత్రం పట్టుకోవాలి.

ఏ వ్యాసాన్ని నమ్మాలో తెలియాలంటే కిందికి వెళ్లి మూలాలు చూడండి. సైన్స్, గణితం, పాత చరిత్ర సాధారణంగా గట్టిగా ఉంటాయి. బతికున్న రాజకీయ నాయకులు, సినిమా వసూళ్లు, కులాల చరిత్ర, ఈ మూడింటినీ అనుమానంతోనే చదవండి. ఆన్‌లైన్‌లో అయితే 'చరిత్ర', 'చర్చ' ట్యాబులు తెరిస్తే గొడవలేవో కనిపిస్తాయి. ఆఫ్‌లైన్ ఫైల్లో ఆ రెండూ రావు, వ్యాసం మాత్రమే వస్తుంది. ఆఫ్‌లైన్ వాడేవాళ్లకి ఇది నిజమైన లోటు.

తెలుగు వికీపీడియా ఒక్కటే సరిపోతుందా?

సరిపోదు, కానీ లేకపోతే కుదరదు. 2003 డిసెంబరులో మొదలైంది, ఇప్పుడు వ్యాసాలు లక్ష దాటాయి. ఇంగ్లీషులో దాదాపు 70 లక్షలు. సంఖ్యకంటే పంపిణీ ముఖ్యం. తెలుగులో గ్రామాలు, సినిమాలు, సాహిత్యం, మన ప్రాంతపు వ్యక్తులు విరివిగా ఉంటారు. చిన్న ఊరికి కూడా పేజీ ఉంటుంది, అయితే అందులో చాలాభాగం జనగణన అంకెలే. ఇంటర్ భౌతికశాస్త్రమో, ఆర్థికశాస్త్రమో వెతికితే ఒక్కోసారి మూడు పేరాలతో ఆగిపోతుంది. అప్పుడు ఇంగ్లీషు వ్యాసానికి వెళ్లాలి.

ఒక జాగ్రత్త. యంత్రానువాదపు వాసన వేసే వ్యాసాలు కొన్ని తగులుతాయి. వాక్యం తెలుగులా లేకపోతే అందులోని విషయాన్ని ఇంగ్లీషులో సరిచూశాకే రాసుకోండి.

కివిక్స్ అంటే ఏమిటి? ఏ ఫైలు దించుకోవాలి?

కివిక్స్ ఒక చదివే ప్రోగ్రాం. వెబ్‌సైట్ మొత్తాన్నీ కుదించి ఒకే ఫైల్లో పెడతారు, దాన్ని జిమ్ ఫైలంటారు. కివిక్స్ దాన్ని తెరిచి, నెట్ లేకుండానే పేజీల్లా చూపిస్తుంది. విండోస్, మ్యాక్, లైనక్స్, ఆండ్రాయిడ్, ఐఫోన్ అన్నిటికీ ఉంది.

ఒకే వికీపీడియాకి మూడు రకాల ఫైళ్లుంటాయి. చాలామంది పొరబడేది ఇక్కడే. 'మ్యాక్సీ' అంటే పూర్తి వ్యాసం, బొమ్మలతో. 'నోపిక్' అంటే పూర్తి వ్యాసం, బొమ్మలు లేకుండా. 'మినీ' అంటే వ్యాసం మొదటి భాగం, పక్కనుండే సమాచార పెట్టె మాత్రమే. ఇంగ్లీషు మ్యాక్సీ 110 జీబీకి అటూఇటూ, నోపిక్ 50 జీబీకి అటూఇటూ, మినీ పది జీబీ పైన. విడుదల మారినప్పుడల్లా ఈ సైజులు కాస్త మారుతుంటాయి. తెలుగు మ్యాక్సీ వీటి పక్కన చాలా చిన్నది, మామూలు పెన్‌డ్రైవ్‌లో పడుతుంది. కాబట్టి తెలుగులో మినీ జోలికి పోకండి. ఇంగ్లీషులో చోటు చాలకపోతే మినీ బదులు సింపుల్ ఇంగ్లీష్ మ్యాక్సీ తీసుకోండి: కొద్ది జీబీలే, వ్యాసాలు సగంలో తెగవు, భాష కూడా తేలిక.

బొమ్మలు లేని ఫైలు జీవశాస్త్రానికీ భూగోళానికీ పెద్దగా పనికిరాదు. గుండె వ్యాసంలో గుండె బొమ్మ లేకపోతే పిల్లాడికి అర్థమయ్యేదేముంది?

ఎక్కించుకోవడం ఎలా?

విండోస్‌లో ఇలా:

1. కివిక్స్ అధికారిక సైట్ నుంచి విండోస్ జిప్ ఫైలు దించండి. వేరే డౌన్‌లోడ్ సైట్లు వద్దు, అక్కడ దానితోపాటు ఇంకేవో అంటించి పంపుతారు.
2. జిప్‌ని పూర్తిగా ఎక్స్‌ట్రాక్ట్ చేయండి. జిప్ లోపలే డబుల్ క్లిక్ చేస్తే పక్కనుండే ఫైళ్లు అందక ప్రోగ్రాం తెరుచుకోదు.
3. ఫోల్డర్‌ని సీ డ్రైవ్‌లో కాకుండా డీ డ్రైవ్‌లోనో బయటి డ్రైవ్‌లోనో పెట్టండి. విడిగా ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు.
4. తెరిచి, సెట్టింగ్స్‌లో డౌన్‌లోడ్ ఫోల్డర్ ఎక్కడుందో చూడండి. మార్చకపోతే వంద జీబీ సీ డ్రైవ్‌లో పడి విండోస్ ఊపిరాడక నిలిచిపోతుంది.
5. లోపలున్న ఆన్‌లైన్ జాబితాలో భాష తెలుగు ఎంచుకుని వికీపీడియా దించండి. ఇది పని చేసిందని చూసుకున్నాకే ఇంగ్లీషు పెద్ద ఫైలుకి వెళ్లండి.

ఇదివరకే దించిన జిమ్ ఫైలుంటే 'ఓపెన్ ఫైల్'తో నేరుగా తెరిస్తే చాలు.

కివిక్స్ తెరవగానే ఏదో డీఎల్‌ఎల్ లేదంటూ మూసుకుపోతోంది.

డీఎల్‌ఎల్ అంటే ప్రోగ్రాం నడవడానికి కావలసిన తోడు ఫైలు. అది లేదంటే మైక్రోసాఫ్ట్ విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్ అనే ప్యాకేజీ లేనట్టు. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి 64 బిట్‌ది దించి ఎక్కించి, ఒకసారి రీస్టార్ట్ చేయండి. డీఎల్‌ఎల్ ఫైలుని విడిగా ఇచ్చే సైట్ల దగ్గరికి వెళ్లొద్దు.

డౌన్‌లోడ్‌కి ఎంతసేపు? డేటా అయిపోదా?

100 ఎంబీపీఎస్ కనెక్షన్ అంటే సెకనుకి గరిష్ఠంగా 12.5 ఎంబీ. ఆ లెక్కన 110 జీబీకి రెండున్నర గంటలు. వైఫై దూరం, సర్వర్ రద్దీ కలుపుకుంటే రాత్రంతా అనుకోండి. కంప్యూటర్ స్లీప్‌లోకి వెళ్లకుండా పవర్ సెట్టింగ్స్ మార్చి పడుకోండి. వీలైతే రౌటర్‌కి కేబుల్‌తో కలపండి.

నగరంలో చాలా ఫైబర్ ప్లాన్లలో అన్‌లిమిటెడ్ అంటే నెలకి 3,300 జీబీ, అది దాటితే వేగం తగ్గిస్తారు. వంద జీబీతో దానికి ఏమీ కాదు. మొబైల్ హాట్‌స్పాట్‌తో మాత్రం పెట్టుకోకండి. రోజుకి 2 జీబీ ప్లాన్ మీద ఇంగ్లీషు మ్యాక్సీ దించాలంటే 55 రోజులు.

పెద్ద ఫైళ్లకి టోరెంట్ (ఫైలుని ముక్కలుగా చాలా కంప్యూటర్ల నుంచి దించే పద్ధతి) లింకే మేలు. కరెంటు పోయినా ఆగిన చోటి నుంచి అందుకుంటుంది, ముక్కముక్కనీ సరిచూసుకుంటుంది కాబట్టి చివర్లో ఫైలు చెడిపోయిందన్న బాధ ఉండదు. టోరెంట్ అనగానే దొంగతనం అనుకోవద్దు, ఈ ఫైళ్లని కివిక్స్ వాళ్లే అలా ఇస్తారు.

పెన్‌డ్రైవ్‌లో చోటుంది, అయినా ఫైలు మరీ పెద్దదంటూ కాపీ కావట్లేదు.

మమ్మల్ని అన్నిటికంటే ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. తప్పు పెన్‌డ్రైవ్‌ది కాదు, దాని ఫార్మాట్‌ది. ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఏ ఒక్క ఫైలూ 4 జీబీ మించకూడదు, డ్రైవ్ ఎంత ఖాళీగా ఉన్నా సరే. 32 జీబీ, అంతకంటే చిన్న పెన్‌డ్రైవ్‌లు ఎక్కువగా ఈ ఫార్మాట్‌లోనే వస్తాయి.

లోపలున్నవి వేరేచోట దాచుకుని, డ్రైవ్ మీద రైట్ క్లిక్, ఫార్మాట్, ఫైల్ సిస్టం దగ్గర ఎక్స్‌ఫ్యాట్ ఎంచుకోండి. క్విక్ ఫార్మాట్ చాలు. విండోస్‌లో మాత్రమే వాడేదైతే ఎన్‌టీఎఫ్‌ఎస్ కూడా బాగుంటుంది. ఫోన్‌కో మ్యాక్‌కో కూడా తగిలించేదైతే ఎక్స్‌ఫ్యాట్ పెట్టండి. ఫోన్ల మెమరీ కార్డుకీ ఇదే సూత్రం.

ఏ డ్రైవ్ కొనాలి, ఎక్కడ?

ముందు సైజు. 128 జీబీ అని రాసున్న డ్రైవ్ విండోస్‌లో 119 జీబీగా కనిపిస్తుంది. కంపెనీలు వెయ్యితో లెక్కిస్తాయి, విండోస్ 1024తో. మోసం కాదు. ఇంగ్లీషు మ్యాక్సీ ఇవాళ అందులో పట్టినా, కొత్త విడుదల వచ్చినప్పుడు పాతదాన్ని ఉంచుకుని కొత్తది దించే చోటుండదు. కాబట్టి 256 జీబీ కనీసం, 500 జీబీ నిశ్చింత.

రకం విషయానికొస్తే, చవక పెన్‌డ్రైవ్‌లో రాత వేగం సెకనుకి 10 ఎంబీ దగ్గర ఆగితే 110 జీబీ కాపీకి మూడు గంటలు. యూఎస్‌బీ 3.0 హార్డ్‌డిస్క్ సెకనుకి 100 ఎంబీ ఇస్తే ఇరవై నిమిషాల లోపే. నీలం రంగు పోర్టు (సాధారణంగా యూఎస్‌బీ 3.0ది) ఉంటే అందులోనే పెట్టండి. రోజూ వాడేదైతే ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే డిస్క్ లేని వేగమైన డ్రైవ్. హార్డ్‌డిస్క్ మీద వ్యాసం తెరవడం బాగానే ఉంటుంది కానీ, మొత్తం వ్యాసాల్లో ఒక మాట వెతికినప్పుడు తేడా బాగా తెలుస్తుంది.

కొనేచోటు: సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో సీటీసీ అని అందరూ పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్, లేదా కోఠి గుజరాతీ గల్లీ. నాలుగు షాపుల్లో అడిగి, బిల్లు తీసుకోండి, వారంటీ కంపెనీదా షాపుదా అడగండి. బండి మీదనో, ఎవరికీ తెలియని సైట్‌లోనో కొన్ని వందలకే దొరికే 2 టీబీ పెన్‌డ్రైవ్ మాత్రం నకిలీయే. విండోస్‌కి 2 టీబీ అని అబద్ధం చెప్పేలా చిప్‌ని మార్చి ఉంటారు. నిజంగా ఉండేది అందులో కొద్ది భాగం, అది నిండాక రాసిందంతా గాల్లో కలిసిపోతుంది. కాపీ అయినట్టే కనిపిస్తుంది, తెరిస్తే ఫైలు చెడిపోయి ఉంటుంది. ఏ కొత్త డ్రైవ్‌నైనా హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాంతో పూర్తిగా రాయించి చదివించండి. గంటలు పడుతుంది, పట్టనివ్వండి. షాపువాడు మార్చి ఇచ్చే గడువు లోపలే ఇది చేయాలి.

మా కంప్యూటర్ పాతది, 4 జీబీ ర్యామ్. నడుస్తుందా?

నడుస్తుంది. మొత్తం ఫైలు ర్యామ్‌లోకి ఎక్కదు, కావలసిన పేజీ వరకే చదువుకుంటుంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆగిపోయింది కాబట్టి, 11 ఎక్కని పాత మెషీన్‌ని నెట్ తీసేసి పిల్లల చదువు కంప్యూటర్‌గా మార్చడం మంచి ఉపయోగమే.

తెలుగులో వెతికితే దొరకట్లేదు, వ్యాసం ఉందని తెలుసు.

చాలాసార్లు కారణం వర్ణక్రమం. హైదరాబాదు, హైదరాబాద్ రెండూ రాస్తాం. వెతికే ప్రోగ్రాంకి అవి రెండు వేరే మాటలు. ఒక పేరు కొడితే అసలు వ్యాసానికి తీసుకెళ్లే దారిమార్పు పేజీ ఉంటే బయటపడతారు, లేకపోతే లేదు. అందుకని మొదటి రెండు మూడు అక్షరాలే టైప్ చేసి, కిందికి వచ్చే జాబితాలో చూడండి. 'లో', 'కి', 'యొక్క' లాంటివి తగిలించకుండా విడి మాటే ఇవ్వండి. వ్యక్తులకైతే ఇంటిపేరుతో ఒకసారి, లేకుండా ఒకసారి. అప్పటికీ రాకపోతే ఇంగ్లీషు ఫైల్లో వెతకండి.

టైప్ చేయడానికి విండోస్ 10 (2019 మే అప్‌డేట్ నుంచి), విండోస్ 11లో తెలుగు ఫొనెటిక్ కీబోర్డు దానితోనే వస్తుంది. సెట్టింగ్స్‌లో భాషల దగ్గర తెలుగు జోడించి, కీబోర్డుల్లో ఫొనెటిక్ ఎంచుకోండి. విడి సాఫ్ట్‌వేర్ కొననక్కర్లేదు.

అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తే అది ఫాంటు లేకపోవడం. విండోస్‌లో నిర్మలా యూఐ ఉంటుంది కాబట్టి ఈ సమస్య అరుదు. లైనక్స్‌లో నోటో సాన్స్ తెలుగు ఎక్కించండి.

ఒక కంప్యూటర్‌లో పెట్టి ఇంట్లో ఫోన్లన్నిటిలో చదవొచ్చా?

చదవొచ్చు. కివిక్స్ మెనూలో లోకల్ సర్వర్ అన్న ఆప్షన్ ఉంది. మొదలుపెడితే 192.168.1.5:8080 లాంటి చిరునామా చూపిస్తుంది, అదే వైఫైలో ఉన్న ఫోన్ బ్రౌజర్‌లో అదే కొట్టండి. ఇంటర్నెట్ లేకపోయినా రౌటర్ వెలుగుతుంటే చాలు.

పని చేయకపోతే చూడాల్సినవి: మొదటిసారి విండోస్ ఫైర్‌వాల్ అడిగినప్పుడు ప్రైవేట్ నెట్‌వర్క్‌కి అనుమతి ఇచ్చారా, ఫోన్ గెస్ట్ వైఫైలో ఉందా (గెస్ట్‌లో ఒక పరికరం ఇంకోదాన్ని చూడలేదు), కంప్యూటర్ నిద్రపోయిందా. రౌటర్ రీస్టార్ట్ అయ్యాక ఆ అంకెలు మారొచ్చు, అప్పుడు కొత్త చిరునామా చూసుకోండి.

పాత తెలుగు విజ్ఞాన సర్వస్వాలు కంప్యూటర్‌లో దొరుకుతాయా?

దొరుకుతాయి, వాటికోసం కాస్త కష్టపడ్డా ఫలితం ఉంటుంది. హైదరాబాదులో 1906లో మొదలైన విజ్ఞాన చంద్రికా మండలి అనే ప్రచురణ సంస్థ వెనకున్న కొమర్రాజు లక్ష్మణరావు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వానికి పూనుకుని, మూడు సంపుటాలు తెచ్చి, 1923లో కన్నుమూశారు. తర్వాత కాశీనాథుని నాగేశ్వరరావు దాన్ని మళ్లీ తలకెత్తుకున్నారు. 1947లో మద్రాసులో ఏర్పడ్డ తెలుగు భాషా సమితి విషయాల వారీగా విజ్ఞాన సర్వస్వ సంపుటాలు వేసింది. ఆ సమితి 1985లో హైదరాబాదులో పెట్టిన తెలుగు విశ్వవిద్యాలయంలో కలిసింది. హైదరాబాదు నుంచే ఖండవల్లి లక్ష్మీరంజనం సంపాదకత్వంలో సంగ్రహాంధ్ర విజ్ఞాన కోశం వచ్చింది.

వీటిలో చాలావాటి స్కాన్లు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. తెలుగు వికీసోర్స్, మైసూరులోని భారతీయ భాషా సంస్థ నడిపే భారతవాణి సైట్ కూడా చూడండి. దించేటప్పుడు పీడీఎఫ్ తెరిచి అన్ని పేజీలూ ఉన్నాయా, అడ్డంగా తిరిగినవి, సగం కోసినవి ఉన్నాయా చూసుకోండి, పాత స్కాన్లలో ఇవి మామూలే. చాలా స్కాన్లు పేజీల బొమ్మలే కాబట్టి వాటిలో మాట వెతకడం కుదరదు. మొదటి పేజీల్లోని విషయసూచికని విడిగా ఒక ఫైల్లో టైప్ చేసుకుని పక్కన పెట్టుకుంటే ఆ సంపుటం నిజంగా వాడుకలోకి వస్తుంది.

సాహిత్యం, సంస్కృతి, పాత చరిత్ర, శాస్త్ర పరిభాషకి ఇవి ఇప్పటికీ బంగారమే. సైన్స్‌కి, జనాభాకి, జిల్లాలకి కాదు. అచ్చు ప్రతి చూడాలంటే అఫ్జల్‌గంజ్‌లోని స్టేట్ సెంట్రల్ లైబ్రరీ ఉంది, 1891లో అసఫియా లైబ్రరీగా మొదలైంది. చిక్కడపల్లిలోని సిటీ సెంట్రల్ లైబ్రరీ రిఫరెన్స్ విభాగంలోనూ అడగండి.

ఫైలు ఎంత తాజాదో ఎలా తెలుస్తుంది?

జిమ్ ఫైలు పేరు చివర సంవత్సరం, నెల ఉంటాయి. మిగతా వాటికి ఈ పరీక్షలు పెట్టండి. తెలంగాణకి ఎన్ని జిల్లాలు? 10 అంటే 2016 అక్టోబరుకి ముందటిది, 31 అంటే 2016 అక్టోబరుకీ 2019 ఫిబ్రవరికీ మధ్యది, 33 అంటే తర్వాతిది. ఆవర్తన పట్టికలో 118వ మూలకానికి ఓగనెస్సాన్ అన్న పేరుందా? లేకపోతే 2016 నవంబరుకి ముందటిది. చంద్రయాన్-3 దిగిన సంగతి (2023 ఆగస్టు 23) ఉందా? డబ్బు కట్టే ముందు ఏ యాప్‌నైనా, ఏ సైట్‌నైనా ఈ మూడూ అడగండి. రెండు నిమిషాల పని.

కివిక్స్‌లో మారిన ముక్క వరకే దించుకునే వీలు లేదు, కొత్త ఫైలు మొత్తం దించాలి. ఏడాదికోసారి, స్కూళ్లు తెరిచే జూన్‌కి ముందు మారిస్తే చాలు. కొత్తది తెరిచి నాలుగు పేజీలు చూశాకే పాతది చెరిపేయండి.

పూర్తి వికీపీడియా పిల్లలకి ఇవ్వొచ్చా?

శరీర నిర్మాణం, యుద్ధాలు, నేరాల వ్యాసాలు బొమ్మలతో సహా ఉంటాయి, వడపోత ఉండదు. పదేళ్ల లోపు పిల్లలకి విడి యూజర్ అకౌంట్‌లో సింపుల్ ఇంగ్లీష్, తెలుగు ఫైళ్లు మాత్రం పెట్టండి. సింపుల్‌లో కూడా పెద్దవాళ్ల విషయాలు కొన్ని ఉంటాయని తెలిసే ఇవ్వండి. ఎంపిక చేసిన దాదాపు 6,000 వ్యాసాలతో వికీపీడియా ఫర్ స్కూల్స్ అని ఒకటుంది. శుభ్రమైనదే కానీ 2013 నాటిది, జిల్లాల పరీక్ష పాసవదు. కివిక్స్ జాబితాలోనే విక్షనరీ అనే నిఘంటువు, సైన్స్ ప్రయోగాలని తెర మీద చేయించే ఫెట్ సిమ్యులేషన్లు కూడా దొరుకుతాయి. పిల్లలు వ్యాసాలకంటే వాటినే ఎక్కువ తెరుస్తారు, తెరవనివ్వండి.

వికీపీడియా నింపిన పెన్‌డ్రైవ్ అని అమ్ముతున్నారు. చట్టబద్ధమేనా?

చట్టబద్ధమే. వికీపీడియా పాఠ్యం లైసెన్సు అమ్మకాన్ని ఆపదు, మూలం చెప్పి అదే లైసెన్సు కింద ఇవ్వాలంతే. కాకపోతే మీరు డబ్బిచ్చేది డ్రైవ్‌కీ, నింపిన శ్రమకీ. ఖాళీ డ్రైవ్ ధర తెలుసుకుని, ఫైలు తేదీ అడిగి, తేడా మీకు నచ్చితే కొనండి.

గ్రూప్స్ పరీక్షలకి దీంతో చదవొచ్చా?

నేపథ్యం అర్థం కావడానికి చదవండి. అంకెలు, పథకాలు, తేదీలకి ప్రభుత్వ ప్రచురణలు, తెలుగు అకాడమీ పుస్తకాలే ఆధారం. పరీక్ష జవాబుల కీ మీద అభ్యంతరం పెట్టేటప్పుడు వికీపీడియా పేజీ చూపిస్తే బలముండదు. ఆ వ్యాసం కింద ఇచ్చిన మూలాన్ని పట్టుకుని అసలు పత్రాన్ని చూపించాలి.

స్కూల్ ప్రాజెక్టులో ఎలా రాయాలి?

పేరాలకి పేరాలు దించకుండా సొంత మాటల్లో రాయించండి. కింద వ్యాసం పేరు, వికీపీడియా భాష, ఫైలు నెల, సంవత్సరం రాస్తే చాలు. బొమ్మలకి లైసెన్సు విడిగా ఉంటుంది, స్కూలు మ్యాగజైన్‌లో అచ్చేసేటప్పుడు ఆన్‌లైన్‌లో ఆ బొమ్మ పేజీ తెరిచి ఎవరిదో చూసి పేరు వేయాలి.

వ్యాసంలో తప్పు కనిపిస్తే?

ఆఫ్‌లైన్ ఫైల్లో మార్చలేరు. నెట్‌లో అదే వ్యాసం తెరిచి, అప్పటికే ఎవరైనా సరిదిద్దారేమో చూడండి. లేకపోతే 'సవరించు' నొక్కి మార్చి, మీ ఆధారాన్ని మూలంగా ఇవ్వండి. ఆధారం లేని మార్పుని వేరేవాళ్లు వెనక్కి తిప్పేస్తారు. మార్చే ధైర్యం లేకపోతే చర్చ పేజీలో రాసి వదిలేయండి. బ్రిటానికాలో అయితే వ్యాసం దగ్గరే అభిప్రాయం పంపే లింకు ఉంటుంది, వాళ్ల సంపాదకులు చూసి మారుస్తారు. మీ దిద్దుబాటు ఇంటి కంప్యూటర్‌లో కనిపించేది, దాని తర్వాత తయారైన జిమ్ ఫైలు దించుకున్నప్పుడే.